తాత తట్టి చూసిన యంత్రం

మా పక్కింటి తాత మొన్న తెల్లవారుజామున పోయాడు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. కబురు తెలిసి పరుగెత్తుకొచ్చిన మా గని కార్మికుల లైను ఇళ్లవాళ్లు అడిగింది ఒకటే: "నడుం నొప్పితో కాదు గదా?" కాదు. నడుము చివరిదాకా ఆయన మాట వింది. ఆ సంగతే మీకు చెప్పాలి.

గనిలో పనిచేసి చేసి తాత నడుము పాడైంది. గని మూతపడినా నొప్పి మాత్రం రోజూ డ్యూటీకి వస్తూనే ఉండేది. అవ్వకు మోకాళ్లు వంగవు కాబట్టి కుళాయి నీళ్లు మోసే పని తాతదే. ఆయన మంచం పట్టాక అవ్వే బిందె ఎత్తింది. గోడ పట్టుకుని ఆమె వస్తుంటే తాత ముఖం అటు తిప్పుకునేవాడు. "నన్ను కాశీకి పంపొద్దురా, కొళాయి దాకా పంపించు, చాలు" అనేవాడు నాతో.

కోలారు ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు, వీపు కోయక్కర్లేదన్నాడు. ఎక్స్‌రేలో చూసుకుంటూ సన్నటి సూదితో నరం పక్కన మందు వేస్తారట. సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చట. గని నడుము విరిస్తే బాగుచేయించుకునే బాధ్యత కార్మికుడిదా అని నేను వరండాలో గట్టిగానే అడిగాను. ఇప్పటికీ అడుగుతాను. "మీరు పేషెంటుకు ఏమవుతారు?" అన్నాడు డాక్టరు.

"మా యూనియనప్పా," అన్నాడు తాత. "సూది నాకెయ్యి, వాడికి నీళ్లియ్యి."

నా కోపాన్ని ఆయన ఎన్నడూ తప్పుపట్టలేదు. "కోప్పడప్పా, ఉప్పిట్టు తిని కోప్పడు" అని ఉప్మా పళ్లెం ముందుకు జరిపేవాడు.

లోపల బల్ల మీదికి వంగి ఉంది ఎక్స్‌రే యంత్రం. తాత ఆగిపోయాడు. గనిలో పైకప్పు రాయిని ఇనుప కడ్డీతో తట్టి, చప్పుడు విన్నాకే కింద నిలబడేవాళ్లు. ఖంగుమంటే గట్టి రాయి. డొల్లగా పలికితే ఊడిపడే రాయి. తాత చేతికర్రతో యంత్రాన్ని తట్టాడు. పైనున్నది ప్లాస్టిక్ తొడుగాయె, డబ్‌మంది.

"డొల్ల," అన్నాడు. "దీని కింద నేను పండుకోను."

"అయ్యో, ముట్టొద్దు తాతా!" అని నర్సు కేకేసింది.

"ముట్టకుండా పొయ్యినోళ్లు యాడుండారో నాకు తెలుసులేమ్మా."

"అది పడదు తాతా," అన్నాడు డాక్టరు.

"మా మేస్త్రీ కూడా అట్లే అన్న్యాడు. ముందు నువ్వు పండుకో."

డాక్టరు తలుపు దగ్గరున్న నావైపు చూశాడు. కార్మికుల భద్రత విషయంలో రాజీ లేదన్నాను. పాపం డాక్టరు, ఎక్స్‌రే తగలకుండా వేసుకున్న సీసపు కోటుతోనే ఎక్కి బోర్లా పడుకున్నాడు. తాత మళ్లీ తట్టి, చెవి ఒగ్గి విన్నాడు.

"సరే, దిగప్పా. నీ నడుం ఎట్లుండాది?"

"ఈ కోటు మోసి మోసి నాకూ నొప్పే తాతా."

"అయితే నాదయినాక నువ్వూ ఏయించుకో."

నర్సు పళ్లు కొరుకుతూ దుప్పటి మార్చింది.

సూది వేసి పంపేటప్పుడు, నొప్పి పూర్తిగా పోకపోవచ్చని, మళ్లీ రావచ్చని డాక్టరు దాచకుండా చెప్పాడు. కొన్నాళ్లకు తాత కుళాయి దగ్గర కనబడ్డాడు. బరువు వద్దన్నారని చిన్న బిందెతో రెండేసి సార్లు వచ్చేవాడు. అవ్వ గడపలో కూర్చుని, ఏ పనీ లేనందుకు ఆయన్ని తిట్టేది.

నిన్న నీళ్లు వచ్చాయి. వరుసలో తాత చిన్న బిందె ఉంది. ఎవరు తెచ్చిపెట్టారో తెలియదు. మా లైనులో వరుస తప్పితే జుట్లు పట్టుకుంటారు. నిన్న మాత్రం ముందుకు కదిలిన ప్రతివారూ వంగి, తమ బిందెతో పాటు దాన్నీ జానెడు ముందుకు జరిపారు.