మరీ చల్లగా ఉన్న ఇల్లు

రాయపూర్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతూ నేను చేసిన పరిశోధనంతా రైస్ మిల్లుల ఊక బూడిదతోనూ ఉక్కు మిల్లులు పారబోసే స్లాగ్ చిట్టెంతోనూ సాగింది. రెండింటినీ కలిపి అచ్చుల్లో నొక్కి, ఫర్నేసులో కాల్చి తేలికపాటి పలకలు చేసేవాళ్ళం. రేకుల కప్పు కింద వాటిని బిగిస్తే కూలర్ లేకుండా ఎండాకాలం గడుస్తుందని నా ఆశ.

ఊళ్ళోనే గుఢియారీ బస్తీలో రైలు పట్టాల దగ్గర ఉండే ఒక శ్రీకాకుళం కుటుంబం తమ గదిలో పలకలు బిగించడానికి ఒప్పుకుంది. వేడిని గంటగంటకూ నమోదు చేసే చిన్న పెట్టెను గోడకు తగిలించాం. ప్రతి శనివారం నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి వెళ్ళి అందులోని అంకెలు తెచ్చేది.

మే నెలలో ఆమె గీసిన గ్రాఫు చూసి నాకు అనుమానం వచ్చింది. బయట నిప్పులు చెరుగుతుంటే ఆ గది మధ్యాహ్నం కూడా తెల్లవారుజామున ఉన్నంత చల్లగా ఉంది. నాలుగు వారాలూ అంతే. నేను చేసిన పలకలే అయినా, అవి అంత గొప్పవి కావని నాకు తెలుసు.

అంకెలు మార్చావా అని సూటిగా అడగాల్సింది. అడగలేదు. “ఇవి మెషిన్ ఇచ్చినవేనా?” అన్నాను.

“అవును సార్. ఔర్ క్యా?” అని నవ్వింది.

ఆ నవ్వు కూడా నాకు తేడాగా తోచింది. థీసిస్ గడువు దగ్గరపడుతోంది మరి. ఆమె లేనప్పుడు నోట్‌బుక్ తిరగేశాను. ఒక్క కొట్టివేత లేదు. నిజంగా పని చేసిన పుస్తకం ఇంత శుభ్రంగా ఉంటుందా అనుకున్నాను. మర్నాడు ఏదో సాకు చెప్పి ఆమె దగ్గరుండే ల్యాబ్ తాళంచెవి అడిగాను. బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఒక బుధవారం మధ్యాహ్నం ముందుగా చెప్పకుండా గుఢియారీ వెళ్ళాను. గోడకు మేకు మాత్రమే ఉంది. పెట్టె ఓ మూల నీళ్ళ కుండ వెనక, తడిగుడ్డ కింద ఉంది. ఇంటావిడ ముఖం పాలిపోయింది.

“ఆ లైటు ఉండుండి మెరుస్తాది బాబూ. మన మాటలన్నీ వింటాదని మా ఆయన అన్నాడు. ఇళ్ళు తోడ్‌నేవాలే, ఆ కూలగొట్టీసేవోళ్ళే, పంపించారేమోనని భయమేసింది. ఆ పాప వచ్చే రోజు మళ్ళీ మేక్కి తగిలించీసేదాన్ని.”

మూత విప్పి లోపలంతా చూపించాను. తల ఊపింది గానీ నమ్మినట్టు లేదు. “మరి లైటెందుకు?” అంది. బ్యాటరీ ఉందో లేదో తెలియడానికన్నాను. చివరకు దాని మీద నల్ల టేపు అంటించాక గానీ గోడకు ఉండనివ్వలేదు.

ఆ సాయంత్రమే మా విద్యార్థినికి జరిగిందంతా చెప్పాను. అంకెలు తనే మార్చిందనుకున్నానని కూడా చెప్పాను.

“పతా హై సార్. తాళంచెవి అడిగిన రోజే అర్థమైంది. ఒక్క మాట అడిగుంటే నేనే మిమ్మల్ని ఆ ఇంటికి తీసుకెళ్ళేదాన్ని.”

క్షమించమన్నాను. సరేనంది. కానీ ఆ తర్వాత ప్రతి కాగితం మీదా నా చేత సంతకం పెట్టించుకునేది.

ఆ వేసవి కొలతలన్నీ పక్కన పడేసి మరుసటి ఏడాది మళ్ళీ మొదలుపెట్టాం. పలకలు పనిచేశాయి, కానీ కొంచెమే. వేడి గదిలోకి కాస్త ఆలస్యంగా దిగుతోంది, అంతే. ఆమె థీసిస్‌లో అదే రాసింది. అందుకు ఆమెకు ఒక ఏడాది పోయింది. ఆ సంగతి నా దగ్గర ఎన్నడూ ఎత్తలేదు.