చెడ్డ మాటకు పరాయి మనిషి

మా ఇంట్లో ఇంగ్లీషు మాటలకు కూడా అంటూ ముట్టూ ఉండేవి. మంచి మాటలు మావి, చెడ్డ మాటలు పరాయివాళ్లవి. ఈ నియమం పెట్టింది ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాని మా అవ్వ. మా వైపు అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం.

బాపు దుబాయిలో ఉండేవాడు. మాకు గల్ఫ్ దేశాలన్నీ దుబాయే. ఆయన ఉన్న దేశం పేరు వేరే, దాన్ని అవ్వ ఇప్పటికీ పలకదు. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టే కంపెనీలో ఆయన హెల్పరు. ఎల్లారెడ్డి ఊళ్లో మా ఇంట్లో నేనూ అవ్వా మాత్రమే. అవ్వ బీడీలు చుడుతుంది. నేను పొద్దున్నే బస్సెక్కి, తాడ్వాయి దాటేదాకా నిలబడి, సీటు దొరికితే కూర్చుని, కామారెడ్డిలో ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్లి ఇంగ్లీషు చెబుతాను.

చెప్పడమంటే ఏముంది, బోర్డు మీద ఒక మాట రాయడం, దాని అర్థం చెప్పడం, ఆ మాటతో పిల్లల చేత వాక్యం రాయించడం. అర్థం బట్టీ పడితే తెల్లారేసరికి ఎగిరిపోతుంది. సొంతంగా వాక్యం కడితేనే మాట మనదవుతుంది. పిల్లలు మాత్రం ఏ మాట ఇచ్చినా గైడు తెరిచి, ఎప్పుడూ చూడని రాజుగారిని ఎప్పుడూ చూడని అడవికి పంపుతారు. నాకు ఒళ్లు మండుతుంది. మీ ఇంట్లో మనుషులు లేరా, వాళ్ల మీద రాయండి అని కసురుతాను. కసిరే హక్కు నాకెంత ఉందో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది.

బాపుకు ఇంగ్లీషు మీద మనసు పుట్టింది చదువు మీది ప్రేమతో కాదు. అక్కడ ఎండలో మోసే పనికన్నా నీడలో స్టోరు పని నయం. సామాన్ల పేర్లు చదవడం, నాలుగు ముక్కలు మాట్లాడటం వస్తే స్టోరులో వేస్తామని సూపర్‌వైజరు అన్నాడట. అప్పటినుంచి శుక్రవారం సెలవు రోజున వాట్సాప్‌లో ఆయన గొంతు వచ్చేది. వారమంతా బోర్డుల మీదో డబ్బాల మీదో కనబడిన మాటల్లో ఒకదాన్ని ఏరుకుని, కూడబలుక్కుని చదివి పంపేవాడు. నేను దాని అర్థం చెప్పి, ఇంగ్లీషులో వాక్యం కట్టి పంపేదాన్ని. ఆయన దాన్ని తిరిగి పలికి పంపేవాడు. తప్పు పలికితే దిద్దేదాన్ని. అవ్వ దీనికి 'మాట కట్టుడు' అని పేరు పెట్టింది. బీడీ కట్టలు కట్టే మనిషి కదా, ఆమెకు ఏదైనా కట్టుడే.

మొదట్లోనే ఒకసారి గొడవయింది. ఆ వారం మాట యాక్సిడెంట్. పుస్తకాల్లో ఉండేలాగే 'మా నాన్నకు యాక్సిడెంట్ అయింది' అని ఇంగ్లీషులో చెప్పి పంపేశాను. తర్వాత తెలుగులో అదేమిటో అవ్వకు చెప్పాను. ఆమె చేతిలోని కత్తెర చాటలో పడేసింది. తునికాకు ముక్కలు చెదిరిపోయాయి.

"ఇంటోళ్లను పెట్టి గసొంటి మాటలు అనద్దు. పైన తథాస్తు దేవతలుంటరు. అస్తు అంటె ఏమైతది?"

దుబాయిలో కూడా ఉంటారా అని వేళాకోళం చేశాను.

"దేవతలకు వీసా గావాల్నా?" అంది.

ఆ మెసేజి బాపు వినకముందే చెరిపేసేదాకా అన్నం పెట్టలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పొద్దుగూకేదాకా సణిగింది. అప్పటినుంచి మా ఇంట్లో రెండు రకాల వాక్యాలయ్యాయి. షేడ్ అనే మాట వస్తే మా వాకిట్లో వేపచెట్టు. కేర్‌ఫుల్ అంటే కత్తెర పట్టిన అవ్వ. రిటర్న్ అంటే ఇంకెవరు, బాపే. ఆ వాక్యాన్ని అవ్వ నాతో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. ఫాల్, బర్న్, షాక్, డేంజర్ వంటివి వస్తే మాత్రం 'ఎ మ్యాన్'. ఒక మనిషి. ఊరూ పేరూ లేని ఆ మనిషి మా కోసం నిచ్చెన మీంచి పడ్డాడు, చేయి కాల్చుకున్నాడు, కరెంటు తీగ పట్టుకున్నాడు. అతని మీద మాకొక రకమైన చనువు కూడా ఏర్పడింది. వారం వారం అతనికేమైందో తెలుగులో చెబితే, అవ్వ బీడీ కొస మడుస్తూ నవ్వేది.

"పాపం వానికి పెండ్లం పిల్లలు లేరా? ఎప్పుడు గిట్లనే అయితది వానికి."

నిరుడు ఎండలు ముదిరాక బాపు పంపే మాటలు మారాయి. ఒక శుక్రవారం కాఫ్ అంటే ఏమిటని అడిగాడు. దగ్గు అని చెప్పి, ఒక ముసలాయనకు దగ్గు వచ్చిందని వాక్యం కట్టాను. ఆయన బుద్ధిగా తిరిగి పలికాడు. చివరి శబ్దం సరిగా రాలేదని దిద్దాను. తర్వాత వీక్‌నెస్ అడిగాడు. అది ఒక మనిషికి ఇచ్చాను. ఆ తర్వాత ఫటీగ్, అంటే అలసట. ఇది చూడటానికి ఒకలా, పలకడానికి ఒకలా ఉండే మాట. ఇంత కష్టమైన మాట ఆయన కంట పడిందని నాకు గర్వం కూడా కలిగింది. స్కూల్లో తొమ్మిదో తరగతి వాళ్లకు చెప్పాను, మా బాపుకు మీకన్నా మంచి మాటలు వస్తున్నాయని.

ఎక్కడ చదివావు బాపూ అని అడిగితే, కూలీల క్యాంపు ఆసుపత్రి గోడ మీద ఉన్నాయన్నాడు. గోడ మీద ఎన్నో ఉంటాయి. ఆయన అక్కడ ఎందుకు కూర్చున్నాడని మేము అడగలేదు. చెడ్డ మాట బాపుది కాదు, ఒక మనిషిది. ఈ ఏర్పాటు మాకు అంతగా అలవాటైపోయింది. అవ్వ నియమం దేవతలను ఆపిందో లేదో కాని మా చెవులకు మాత్రం బిరడా బిగించింది.

ఇంకొకటి కూడా ఉంది. ఆయన గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఒక వాక్యాన్ని మూడు మెసేజుల్లో పంపేవాడు. మధ్యలో ఏదో గొంతులోకి రాగానే వేలు తీసేసినట్టు టక్కున ఆగిపోయేది. సిగ్నల్ లేదు బిడ్డా అనేవాడు. సరే అనుకున్నాం.

వీసా మళ్లీ వేయడానికి వైద్య పరీక్షలు చేశారని ఒకసారి మాటల్లో చెప్పాడు. అవి ఎప్పుడూ ఉండేవే. ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే విమానం ఎక్కించేస్తారనీ, మళ్లీ రానివ్వరనీ మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసి కూడా మేము స్టోరు పని గురించే అడిగాం. అయితది, అయితది అన్నాడు.

ఆ తర్వాతి శుక్రవారం నేను వాకిట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు సర్దుతోంది. ఫోన్‌లో బాపు మెసేజి వచ్చింది. గొంతు మెల్లగా ఉంది.

"బిడ్డా, అన్‌ఫిట్ అంటె ఏంది? మాట కట్టి చెప్పు."

పనికి సరిపోనిది అని అర్థం చెప్పాను. ఈ బస్సు రోడ్డుకు అన్‌ఫిట్ అని వాక్యం కట్టాను. మా కామారెడ్డి బస్సును తలుచుకుని కొంచెం నవ్వాను కూడా. ఆయన తిరిగి పలకలేదు. ఇంకో మెసేజి వచ్చింది. బస్సుతో కాదు, మనుషులతో కట్టమన్నాడు.

కలం పక్కన పెట్టాను. మనుషులతో అన్నాడు కాబట్టి అలవాటు ప్రకారం మా మనిషినే పిలిచాను. ఒక మనిషి పనికి అన్‌ఫిట్ అయ్యాడు. ఇంగ్లీషులో చెప్పి, తెలుగులో చెప్పి పంపాను. ఆయన విన్నట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు రాలేదు. అవ్వ అప్పటికే చేతులు ఆపేసి నా మొహంలోకి చూస్తోంది. రోజంతా తంబాకు ధూళికి దగ్గే బీడీ ఆడవాళ్ల మధ్య కూర్చునే మనిషి. ఎవరి ఊపిరి ఎలా ఉందో ఆమెకు వినికిడి మీదే తెలుస్తుంది. మొదటి మెసేజిని మళ్లీ పెట్టమంది. పెట్టాను. బిడ్డా అనే పిలుపుకూ, అసలు మాటకూ మధ్య ఆయన తీసుకున్న శ్వాసను ఆమె వింది. అప్పుడు నేను కూడా విన్నాను. కాఫ్, వీక్‌నెస్, ఫటీగ్. మూడు వాక్యాలు కట్టి ఇచ్చాను, ఒక్కసారి కూడా నీకెలా ఉంది బాపూ అని అడగలేదు.

ఇంతలో జవాబు వచ్చింది.

"ఆ మనిషి ఇగ ఏం జేయాలె, బిడ్డా?"

నిజంగా చెబుతున్నాను, నాకు కోపం వచ్చింది. ఆయన మీద, అక్కడి ఎండ మీద, అన్నింటికన్నా ఎక్కువగా నేను నేర్చుకున్న ఆ మాటలన్నింటి మీద. అవ్వ చాటను కిందపెట్టి, తంబాకు అంటిన చేతిని చీరకు తుడుచుకుంది. ఫోన్ అడిగింది. ఎక్కడ నొక్కాలో చూపించాను. మాట కట్టుడులో ఆమె గొంతు బాపుకు ఎన్నడూ వెళ్లలేదు. వినడమే ఆమె వంతు.

"ఆ మనిషికి పెండ్లమున్నది, బిడ్డ ఉన్నది. ఆయిన నా పెనిమిటి. నా పెనిమిటి అన్‌ఫిట్ అయిండు, ఇంటికొస్తడు. దేవతలు ఇంటె ఇననియ్యి, ఇనాలెననే అంటున్న."

వేలు తీసింది. మెసేజి వెళ్లిపోయింది. ఫోన్ నాకిచ్చి, ఇంగ్లీషులో కూడా కట్టి పంపమంది. నువ్వు చెప్పింది చాలు అవ్వా అన్నాను. చాలదు, ఆయన ఇంగ్లీషులోనే తిరిగి చెప్తాడు కదా అంది. ఏడుపు ఆపుకుని 'మై ఫాదర్ ఈజ్ అన్‌ఫిట్. హీ ఈజ్ కమింగ్ హోమ్' అని పలికి పంపాను. మా ఇంటి మనిషికి చెడ్డ మాటను జత చేసి పంపడం, ఆ యాక్సిడెంట్ వాక్యం తర్వాత అదే మొదటిసారి.

ఇద్దరం ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాం. ఆకులు ఎండిపోతాయని తెలిసి కూడా అవ్వ వాటి మీద తడిగుడ్డ కప్పలేదు. నేను ఒక్క పేపరు కూడా ముట్టలేదు. కంపెనీ వాళ్లు ఎప్పుడు పంపుతారో, ఆ మచ్చ ఏమిటో, ఇక్కడికొచ్చాక ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో, ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. పైకి అనడానికి ఇద్దరికీ భయమే.

తర్వాత ఒకటే పొడుగాటి మెసేజి వచ్చింది. మొదట ఊపిరి వినిపించింది. నేను పలికినట్టే, ఒక్కో మాట విడదీసి పలకడం మొదలుపెట్టాడు. అన్‌ఫిట్ దగ్గర దగ్గు వచ్చింది. వేలు తీయలేదు. దగ్గు లోపల్నుంచి తవ్వుకొస్తున్నట్టు సాగింది. ఇన్ని నెలలుగా మాకు వినపడకుండా కత్తిరించి దాచిన దగ్గంతా మా వాకిట్లోకి వచ్చింది. అవ్వ కళ్లు మూసుకుని చివరిదాకా వింది. దగ్గు ఆగాక ఆయన మిగిలిన ముక్క కూడా పలికాడు. కమింగ్ హోమ్.

హోమ్ అన్న మాట సరిగా రాలేదు. నేను దిద్దలేదు.