కెన్యా కొండల నుంచి క్వారంటైన్ వార్డుకు

2005 ఆగస్టులో నన్ను ఢిల్లీ విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న క్వారంటైన్ వార్డుకు మెడికల్ ఆఫీసరుగా వేశారు. అంతకుముందు ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ కార్మికుల డిస్పెన్సరీలో పనిచేశాను. అక్కడ పొద్దుట కూర్చుంటే తల ఎత్తే తీరిక ఉండేది కాదు. ఇక్కడ వారాల తరబడి ఒక్కరూ వచ్చేవారు కాదు. తోటి డాక్టర్లు దీన్ని విశ్రాంతి పోస్టింగు అని ఎగతాళి చేసేవారు.

మా పని గురించి రెండు మాటలు చెప్పాలి. ఆఫ్రికాలోనూ దక్షిణ అమెరికాలోనూ కొన్ని దేశాల్లో ఎల్లో ఫీవర్ ఉంది. మన దేశంలో లేదు. అది మనిషి నుంచి మనిషికి నేరుగా అంటదు, దోమ మోసుకుపోతుంది. డెంగీని మోసే చారల దోమే దాన్నీ మోస్తుంది. ఆ దోమకు ఢిల్లీలో కరువు లేదు. అందుకని ఆ దేశాల నుంచి వచ్చేవాళ్ళు టీకా వేయించుకున్నట్టు పసుపు కార్డు చూపించాలి. కార్డు లేకపోతే ఆ దేశం వదిలినప్పటి నుంచి ఆరు రోజులు నిండేదాకా మా వార్డులో ఉండాలి. వార్డు కిటికీలన్నిటికీ సన్నటి ఇనుప జాలీ. లోపలికి వెళ్ళడానికి ఒకదాని వెనక ఒకటి రెండు జాలీ తలుపులు. మొదటిది మూశాకే రెండోది తెరవాలి.

సెప్టెంబరు మధ్యలో ఒక ఉదయం విమానాశ్రయం నుంచి మా వ్యాన్ వచ్చి ఆగింది. అందులోంచి యాభై దాటిన ఒకావిడ దిగింది. కాటన్ సల్వార్ కమీజు, కాళ్ళకు మట్టి పట్టిన బూట్లు, వీపు మీద తన నడుము కంటే వెడల్పయిన సంచి. ఆ వెనకే ఆటోలో ఆమె భర్త వచ్చాడు. ఆయన వీపు మీదా అలాంటిదే ఇంకో సంచి. ఇలాంటి సంచులతో తెల్లవాళ్ళ పిల్లలు పహాడ్‌గంజ్‌లో తిరగడం చూశాను గాని, మనవాళ్ళలో ఈ వయసువాళ్ళను చూడటం అదే మొదలు.

ఆమె నా కోటు మీద పేరు చదివి వెనక్కి తిరిగింది.

“ఏవండీ, ఈవిడ మనవాళ్ళే!”

అలా పరిచయమయ్యారు సుశీలగారు, భాస్కరరావుగారు. ఊరు అమలాపురం దగ్గర. ఆయన కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అకౌంట్స్ ఆఫీసరు. ఆమె ఢిల్లీలోనే ఒక తెలుగు బడిలో జీవశాస్త్రం చెబుతుంది. పిల్లలు లేరు. ఆయన దగ్గర పసుపు కార్డు ఉంది. ఆమె దగ్గర ఒక డాక్టరు ఇచ్చిన కాగితం మాత్రం ఉంది. ఎల్లో ఫీవర్ టీకాను కోడిగుడ్లలో పెంచి తయారుచేస్తారు. ఆమెకు చిన్నప్పటి నుంచి గుడ్డు పడదు, తింటే గొంతు వాచి ఊపిరాడదు. అలాంటివాళ్ళకు ఆ టీకా వెయ్యకూడదు. టీకా ఎందుకు వెయ్యలేదో ఆ కాగితం చెబుతుంది గాని, క్వారంటైన్ నుంచి తప్పించదు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచాను.

“తెలుసండీ. తిరిగొచ్చాక ఇక్కడ ఉండాలని తెలిసే వెళ్ళాను. చదువుకోడానికి పుస్తకాలు కూడా తెచ్చుకున్నా,” అంది.

అంత తెలిసి ఎందుకు వెళ్ళారని అడిగాను. జవాబు భాస్కరరావుగారు చెప్పారు. “ముప్ఫై ఏళ్ళుగా గోడకు చార్టు తగిలించి ఏనుగు, జిరాఫీ చెబుతోందండీ. ఒక్కసారి కళ్ళారా చూస్తానంది. దోమతెర నేను చూసుకుంటానన్నా.”

వాళ్ళు కెన్యాలో మూడు వారాలు తిరిగారు. జీపులూ హోటళ్ళూ పెట్టుకునే స్తోమత లేదు. మటాటూ అనే కిక్కిరిసిన చిన్న వ్యాన్లలో ఊరి నుంచి ఊరికి వెళ్ళారు. అద్దె గుడారాల్లో పడుకున్నారు. ఢిల్లీ నుంచి తీసుకెళ్ళిన రవ్వతో స్టవ్ మీద ఉప్మా చేసుకు తిన్నారు. క్యాంపులో పక్క గుడారంవాళ్ళు వాసనకు వచ్చి కూర్చుంటే వాళ్ళకూ పెట్టారు.

ఆమెను వార్డులో చేర్చుకున్నాం. కార్డు ఉంది గనక ఆయనను ఇంటికి వెళ్ళమన్నాను. ఆయన తల ఊపారు గాని వెళ్ళలేదు. జాలీ కిటికీకి ఇవతల వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చీకటి పడ్డాక ఫరీదాబాద్‌లోని తమ ఇంటికి బస్సెక్కి, పొద్దున్నే మళ్ళీ వచ్చి దిగేవారు. గేటు దగ్గర కాపలా మనిషి “అంకల్‌జీ, ఇక్కడే క్వార్టర్ ఇప్పించమంటారా?” అని నవ్వేవాడు.

పని లేని వార్డు కనుక రౌండు అయ్యాక నేనూ కొంతసేపు ఆమె దగ్గర కూర్చునేదాన్ని. ఆమె బాగా చెప్పేది. నైవాషా సరస్సు దగ్గర ఒక అభయారణ్యం ఉందట, అక్కడ జీపు అక్కర్లేదు, సైకిలు అద్దెకు తీసుకుని తిరగొచ్చు. భాస్కరరావుగారు సైకిలు తొక్కి పాతికేళ్ళయింది. జీబ్రాల మంద మధ్యలోంచి ఆయన వంకర టింకరగా పోతుంటే అవి గడ్డి మానేసి తలలెత్తి చూశాయట. “నన్ను చూసి కాదు, నీ టోపీ చూసి,” అని కిటికీ అవతలి నుంచి ఆయన అందుకున్నారు.

ఇంకోటి అబర్‌డేర్ కొండల్లో జరిగింది. పొద్దుటి పూట దట్టమైన మంచు. వాళ్ళెక్కిన వ్యాన్ ఒక మలుపులో ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కూరగాయల బుట్టలతో మార్కెట్టుకు పోతున్న ఆడవాళ్ళు కూడా మాటలు ఆపేశారు. మంచులోంచి ఏనుగులు ఒక్కొక్కటే వచ్చి రోడ్డు దాటాయి. చివర్లో ఒక గున్న, తల్లి కాళ్ళ మధ్య నుంచి.

“చప్పుడే లేదండీ. అంత పెద్ద జంతువులు, అడుగు చప్పుడు లేదు. అది ఏ పుస్తకంలోనూ లేదు, నేను పిల్లలకు చెప్పలేదు,” అంది. తర్వాత గొంతు తగ్గించి, “పెళ్ళయిన ఇన్నేళ్ళకి నలుగురిలో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అప్పుడే,” అంది.

మూడో రోజు మధ్యాహ్నం ఆమెకు చలి మొదలైంది. మా స్టాఫ్ నర్సు సంతోష్, హర్యానా అమ్మాయి, థర్మామీటరు పట్టుకుని నా గదికి పరుగెత్తుకొచ్చింది. నూట మూడు.

ఆ పోస్టులో ఉన్న డాక్టరు ఏ రోజు కోసమైతే జీతం తీసుకుంటారో ఆ రోజు అది. ఎల్లో ఫీవరైతే దేశంలోకి జబ్బు వచ్చినట్టే. పై అధికారికి ఫోన్లో తెలియజేసి, వెంటనే నివేదిక పంపాను. రక్తం రెండు చోట్లకు వెళ్ళింది. ఒకటి వైరస్ పరీక్షకు పుణేకు, అది రావడానికి రోజులు పడుతుంది. రెండోది మా లాబ్‌లోనే మలేరియా కోసం. స్లైడులో మలేరియా ఏమీ కనబడలేదు. ప్రయాణంలో మలేరియా మాత్రలు వాడారా అని అడిగాను. కడుపులో తిప్పుతోందని చివరి వారం మానేశానంది. సగం వాడిన మాత్రల వల్ల క్రిములు తగ్గి మొదటి స్లైడులో దొరక్కపోవచ్చు. అందుకని కొన్ని గంటలకోసారి మళ్ళీ రక్తం తీసి చూడమన్నాను. ఈలోగా ఎల్లో ఫీవర్ గుర్తుగా కామెర్లు వస్తున్నాయేమో కళ్ళు చూస్తూ ఉండాలి.

కిటికీ అవతల భాస్కరరావుగారు నిలబడే ఉన్నారు. ఆమె మంచం కిటికీకి దూరంగా మార్చాం గనక ఆయనకు కనబడటం లేదు.

“డాక్టరుగారూ, నన్ను లోపలికి రానివ్వండి.”

సందర్శకులకు ప్రవేశం లేదని వార్డు ఉత్తర్వుల్లో ఉంది. అదే చెప్పాను.

“నేను చూడ్డానికి వచ్చినవాణ్ణి కాదు గదండీ,” అన్నారు ఆయన. గొంతు పెంచలేదు. “అక్కడ రాత్రిళ్ళు లేచి దోమతెర అంచులు నేనే సరిచేసేవాణ్ణి. ఇప్పుడు ఏం చెయ్యాలో చెప్పండి. చెప్పింది చేస్తా.”

గదిలోకి వెళ్ళి ఉత్తర్వు మళ్ళీ చదివాను. సందర్శకులను ఎందుకు వద్దన్నారో అందులో ఎక్కడా లేదు. జబ్బు ఆయనకు అంటకుండా అనుకుంటే, ఆయనకు టీకా ఉంది, కార్డు చెల్లుతుంది. ఆయన బయటికి మోసుకుపోతాడేమో అనుకుంటే, ఈ జబ్బును మోసేది దోమ. రెండు తలుపులూ సరిగ్గా మూస్తే దోమ వెళ్ళదు, మనిషి వెళ్తే నష్టం లేదు. మరి నేనూ సంతోషూ రోజంతా తిరుగుతూనే ఉన్నాం గదా.

పై అధికారికి మళ్ళీ ఫోన్ చేశాను. ఆయన మంచి వైద్యుడే, కాని కొత్త పని అంటే జంకు. ఇలాంటి ఆనవాయితీ లేదు, రేపు పేపరువాళ్ళు అడిగితే ఏం చెబుతావని అన్నారు. పర్మిషన్ ఇవ్వను, వద్దనీ అనను, నీ సంతకం మీద చేసుకో అని ఫోన్ పెట్టేశారు. కేసు షీటు తీసి, టీకా వేయించుకున్న భర్తను రోగికి అటెండెంటుగా అనుమతిస్తున్నానని రాసి సంతకం చేశాను.

సంతోష్ ఆయనకు తలుపుల సంగతి నేర్పింది. “పహలే యే బంద్, ఫిర్ వో ఖోల్నా, అంకల్‌జీ.” ఆయన ఒక తలుపు మూసి, గొళ్ళెం సరిగ్గా పడిందో లేదో చేత్తో తడిమి, అప్పుడు రెండోది తెరిచారు. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరిగినా అలాగే చేశారు.

జ్వరం తెరలు తెరలుగా వచ్చింది. ఆయన తడిగుడ్డ వేస్తూ, చెంచాతో నీళ్ళు పోస్తూ, మధ్య మధ్య టార్చి వేసి ఆమె కళ్ళు చూసేవారు. నన్ను పిలిచి “తెల్లగానే ఉన్నాయి గదండీ?” అని అడిగేవారు. తెల్లగానే ఉన్నాయి అనేదాన్ని. ఆమెకు ఒకోసారి మాట తెలిసేది కాదు. అప్పుడు ఆయన, తామిద్దరూ చేసిన ప్రయాణమంతా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టారు. అప్పటిదాకా కథలన్నీ ఆమె చెప్పినవే. ఆయనకు కథ చెప్పడం రాదు. ఎక్కడ ఎక్కారు, ఎక్కడ దిగారు, టీ తోటల్లో వాన ఎంతసేపు పడింది, గుడారం ఎక్కడ కారింది, అన్నీ ఆఫీసు నోటు చదివినట్టు చదివేవారు.

మర్నాడు ఉదయం లాబ్ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త స్లైడులో మలేరియా దొరికింది. ప్రమాదకరమైన రకమే, కాని మందు ఉన్న జబ్బు. గంటలోపే సెలైన్‌లో మందు ఎక్కించాం. రెండు జబ్బులూ కలిసి ఉండకూడదని లేదు గనక పుణే జవాబు వచ్చేదాకా జాలీ తలుపుల పద్ధతి అలాగే నడిపాం.

ఆ మర్నాడు నేను రౌండుకు వెళ్ళేసరికి ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. రాత్రంతా నిద్ర లేదు, గొంతు బొంగురుపోయింది. “తర్వాత నకురు సరస్సు దగ్గర సైకిళ్ళు తీసుకున్నాం...”

“నకురు కాదు.” సుశీలగారు కళ్ళు తెరవలేదు. “నకురులో కొంగలు. సైకిళ్ళు నైవాషాలో.”

ఆయన ఆగిపోయారు. టార్చి ఒళ్ళో పెట్టుకుని, “అవును. నైవాషా,” అన్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని చూశాను. చెమట పట్టి చల్లగా ఉంది, జ్వరం దిగింది. సంతోష్ మొహం తిప్పుకుని సెలైన్ సీసా సరిచేసింది. ఆ సీసా అప్పటికే సరిగ్గా ఉంది.

పుణే నుంచి ఎల్లో ఫీవర్ లేదని జవాబు వచ్చింది. బలం చిక్కేదాకా ఇంకొన్నాళ్ళు ఉంచి పంపించాం. వెళ్ళే రోజు రెండు సంచులూ తానే మోస్తానని ఆయన, తన సంచి తనకిమ్మని ఆమె, ఆటో ఎక్కేదాకా పోట్లాడుకున్నారు. చివరికి ఆయన ఒకటి వీపునా ఒకటి పొట్టనా తగిలించుకున్నారు.

తర్వాత మా శాఖవాళ్ళు నన్ను లిఖితపూర్వకంగా వివరణ అడిగారు. టీకా ఉన్న మనిషి జాలీ లోపల కూర్చుంటే దోమకు దారి ఏర్పడదని రాశాను. ఫైలు కొన్నాళ్ళు తిరిగి మూతపడింది. తర్వాతి ఏడాది ఉత్తర్వు సవరించినప్పుడు, చెల్లే కార్డు ఉన్న దగ్గరి బంధువును అటెండెంటుగా ఉండనివ్వచ్చని ఒక వాక్యం చేరింది. ఎవరు చేర్చారో నాకు చెప్పలేదు. నా పై అధికారే అయి ఉంటారని అనుకుంటాను.

ఆ పోస్టింగులో ఇంకా చాలామందిని చూశాను. ఏ నిబంధన నా ముందుకొచ్చినా అది దేన్ని ఆపడానికి రాశారో ముందు తెలుసుకోవాలని నేను నేర్చుకున్నది మాత్రం సుశీలగారి కేసులోనే. అక్కడ ఆపవలసింది దోమను. మందులు, రక్తపరీక్షలు, జ్వరం పట్టిక రాయడానికి కేసు షీటులో గడులు ఉంటాయి. మంచం పక్కన ఎవరు కూర్చున్నారో రాయడానికి గడి లేదు. రిటైరయ్యేదాకా నా ప్రతి కేసు షీటులో పైన మార్జిన్‌లో అలా కూర్చున్నవాళ్ళ పేరు కూడా రాయించాను.