ఓనరమ్మ క్యాసెట్టు పాట చర్చికెక్కిన సంగతి

ఆ రోజుల్లో అమెరికాలో చదువు రాకపోయినా బతుకు సాఫీగానే వెళ్లిపోయేదండి. బస్సు మీద అంకె ఉంటుంది, అంకెలు నాకొచ్చు. పాల డబ్బా మీద ఆవు బొమ్మ ఉంటుంది. ఇంగ్లీషు రాదంటే తెల్లవాళ్లు "నో ప్రాబ్లం" అని వాళ్లే రెండు మాటలు ఎక్కువ చెప్పి పంపేవారు. ఇబ్బందల్లా తెలుగువాళ్లతోనే. తెలుగు చదవడం రాదని తెలుగువాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్తాం? (ఇప్పుడంటే నేను చెప్తుంటే మా కోడలు రాస్తోంది. అప్పుడు కోడలు లేదు, కొడుకే ఇంకా పుట్టలేదు.)

మా బావగారు స్పాన్సర్ చేస్తే నేనూ మా ఆయనా రెడ్‌మండ్ వచ్చి పడ్డాం. ఆయనకి గోడౌన్‌లో పెట్టెలెత్తే పని. నాకు ఒక జపాన్ ఆవిడ నడిపే లంచి కొట్లో బియ్యం కడిగే పని. ఆదివారం తెలుగు చర్చి, శనివారం స్త్రీల కూడిక. కూడికకి వచ్చేవాళ్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్ల భార్యలు, ఒక్కొక్కరికీ రెండేసి డిగ్రీలు. వాళ్లందరికీ పెద్ద నంబరక్క. అసలు పేరు వేరే ఉంది గానీ, పాటల పుస్తకంలో ఏ పాట ఏ నంబరో నిద్రలో లేపి అడిగినా చెప్పేది కాబట్టి నేనూ మా ఆయనా ఇంట్లో అలా పిలుచుకునేవాళ్లం. ఆవిడ పెట్టిన రూలు ఏంటంటే, వారానికొకరు పాట ఎత్తాలి. ఏ పాటన్నది అక్కడికక్కడ ఆవిడే చెప్తుంది. "ముందే చెప్తే ప్రాక్టీసు చేసుకొచ్చేస్తారు, అందులో భక్తేముంటుంది?" అనేది. పాట ఎత్తే మనిషి ఒక్కో చరణం పైకి చదవాలి, తర్వాత అందరూ పాడాలి. నంబరు చెప్పగానే అందరికన్నా ముందు పేజీ తీసేది నేనే. ఆ తర్వాత పెదవులు కదుపుతూ కూర్చునేదాన్ని. నా వంతు వచ్చిన వారమల్లా నాకు దగ్గొచ్చేది. రెండేళ్లు అదే దగ్గు. ప్రార్థన విన్నపాల్లో నా దగ్గు కూడా చేరింది.

ఇక కొట్టు సంగతి. మా ఓనరమ్మకి యాభై దాటి ఉంటాయి. జూన్ రాగానే అటక మీంచి ఒక రేకు డబ్బా దించేది. దాన్నిండా క్యాసెట్లు, అన్నీ వాళ్ల దేశపు ఎండాకాలం పాటలు. ఆగస్టు అయిపోగానే మళ్లీ డబ్బాలో పెట్టేసేది, మిగతా తొమ్మిది నెలలూ ముట్టనిచ్చేది కాదు. మధ్యాహ్నం తినడానికొచ్చే జపాన్ వాళ్లు కూడా ఆవిడ ఈడువాళ్లే. అందులో ఒక పాట ఉండేది. ముందు సముద్రం హోరు, తర్వాత ఒకావిడ బొంగురు గొంతు. అది మొదలవగానే కోటు వేసుకున్న పెద్దమనుషులు కూడా అన్నం తినే పుల్లలు కింద పెట్టి, తలొంచుకుని, కళ్లు మూసుకునేవారు. ఒకాయనైతే రుమాలు తీసేవాడు. ఇంతమంది పెద్దవాళ్లు ఒక్కసారే కళ్లు మూసుకుని ఏడవడం నేను చర్చిలో తప్ప ఎక్కడా చూడలేదు. పైగా మనం క్రిస్మస్ పాటలు దాచుకున్నట్టు దాచుకుని ఆ నెలల్లోనే వేస్తున్నారు. ఇది దేవుడి పాట కాక మరేంటి? వాళ్ల దేవుడైనా దేవుడే కదా అని, అది వచ్చినప్పుడల్లా బియ్యం గిన్నె దించి, వంటింటి తువ్వాలు నెత్తిన ముసుగేసుకుని నిలబడేదాన్ని. మొదటిసారి ఓనరమ్మ చూసి, ఉక్కపోస్తోందనుకుని ఫ్యాను నావైపు తిప్పింది. ఫ్యాను తిప్పినా నేను తువ్వాలు తియ్యకపోతే, ఇండియావాళ్లు ఈ పాటని ఇలాగే వింటారు కాబోలు అనుకుని ఊరుకుంది. ఆవిడ నన్ను అడగలేదు, నేను ఆవిణ్ని అడగలేదు. మర్యాదస్తులం ఇద్దరం.

జూలైలో నంబరక్క తేల్చి చెప్పేసింది. "సిస్టర్, వచ్చే శనివారం మీ వంతు. దగ్గైనా జ్వరమైనా ఎత్తాల్సిందే." ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. గురువారం బియ్యం కడుగుతుంటే ఆ పాట వచ్చింది. పుస్తకంలో లేని పాట ఎత్తితే పుస్తకంతో పనేంటి అని అప్పుడు తట్టింది. ఆ వరస మీదే మాటలు కట్టుకున్నాను. "ఎండవేళ నీడ నీవే యేసయ్యా, దాహమైతే ఊట నీవే యేసయ్యా" అని పల్లవి, మూడు చరణాలు. శనివారం నంబరక్క నోరు తెరవకముందే ఎత్తేశాను. నా గొంతు రోట్లో రాయి తిప్పినట్టుంటుంది, అయినా ఆ వరస దాన్ని కూడా మోసింది. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. నంబరక్క మాత్రం పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేస్తోంది.

"ఎక్కడిది సిస్టర్ ఇది?"

"మా ఊరివైపు పాడతారండి" అన్నాను. ప్రార్థన కూడికలో, మోకాళ్ల మీద ఉండి.

"రాసివ్వండి, జిరాక్స్ తీయిస్తాను."

ఇంటికొచ్చి మా ఆయన్ని బతిమాలితే రాసిచ్చాడు. "అబద్ధం నీది, అక్షరాలు నావి, నరకానికి ఇద్దరం ఒకే బస్సెక్కుదాం" అన్నాడు.

ఆగస్టులో చర్చివాళ్లంతా పార్కులో పిక్నిక్ పెట్టారు. నేను పనిచేస్తున్నానని మా కొట్లోనే రెండు ట్రేల భోజనం చెప్పారు. ఓనరమ్మ తనే తెచ్చింది. సరిగ్గా అప్పుడే అరవై మందీ జిరాక్సులు పట్టుకుని నా పాట అందుకున్నారు. ఆవిడ ట్రే బల్ల మీద పెట్టి ఒక్క క్షణం అలా నిలబడిపోయింది. తర్వాత, మన మర్యాద తనకి తెలుసు కదా, ఒక కాగితం రుమాలు విప్పి నెత్తిన వేసుకుని, వాళ్ల భాషలో అందుకుంది. అందుకుని ఊరుకుందా? నడుం తిప్పుతూ, చేతులు అలల్లా ఊపుతూ గుండ్రంగా తిరిగింది. పాస్టరుగారు మైకు దించేశారు.

ఆవిడ ఆయాసపడుతూ ఇంగ్లీషులో చెప్పింది. ఒక పిల్ల సముద్రం ఒడ్డున ఒకబ్బాయిని ప్రేమించిందంట, ఎండాకాలం అవగానే వాడు వెళ్లిపోయాడంట, పిల్ల ఒక్కతే ఈతబట్టలతో కూర్చుని ఐసు తింటోందంట. హైస్కూల్లో తామంతా దీనికే డాన్సు చేసేవాళ్లంట. నాకు సగమే అర్థమైంది. డిగ్రీలవాళ్లకి మొత్తం అర్థమైంది.

నంబరక్క నావైపు తిరిగింది. "సిస్టర్, మీ ఊరు జపాన్‌లో ఎటువైపండీ?"

నేను ట్రేల మూతలు తియ్యడం మొదలుపెట్టాను.

"సర్లెండి, అయిందేదో అయింది. పుస్తకంలోంచి ఒకటి ఎత్తండి, మనసులు కుదుటపడతాయి" అని నంబరు చెప్పి, పుస్తకం నా చేతిలో పెట్టింది. అలవాటు కొద్దీ టక్కున పేజీ తీసేశాను. తీయడం వరకే నా చదువు. అందరూ చూస్తున్నారు. ఈసారి దగ్గు కూడా రాలేదు.

"నాకు చదవడం రాదండి" అన్నాను. మెల్లగానే అన్నాను, కానీ నా గొంతుకి మెల్లగా అంటూ ఒకటి లేదు, అవతల చికెన్ కాలుస్తున్న మగవాళ్లకి కూడా వినపడింది. మా ఆయన అప్పుడే తిప్పిన ముక్కని మళ్లీ తిప్పాడు.

నంబరక్క నా చేతిలో తెరిచి ఉన్న పేజీ చూసింది. "మరి నంబర్లు నాకంటే ముందే ఎలా తీసేవారు?" ఆవిణ్ని బాధించింది అదీ.

"అంకెలు వచ్చండి."

"ఈ చరణాలు ఎవరివి?"

"నావేనండి. బియ్యం కడుగుతూ కట్టాను."

ఆవిడ జిరాక్సు తీసుకుని మూడు చరణాలూ లోపల్లోపల చదువుకుంది. చదివి, పెన్ను తీసి పైన ఒక నంబరు వేసింది, పుస్తకంలో ఆఖరి పాట తర్వాతి నంబరు. "నంబరు లేని పాట నావల్ల కాదు సిస్టర్" అంది. తర్వాతి శనివారం నుంచి నా పక్కనే కూర్చుని చరణం నా చెవిలో చదివేది, నేను ఎత్తేదాన్ని. దగ్గు తగ్గినందుకు సంఘమంతా స్తోత్రాలు చెప్పారు.

మా ఆయన పోయి నాలుగేళ్లయింది. మొన్న మా మనవరాలు ఓనరమ్మ క్యాసెట్ల పాటలన్నీ ఫోన్‌లో దొరకబుచ్చుకుంది, నడివయసు వాళ్ల కోసం అని ఎవరో ఒకచోట చేర్చి పెట్టారంట. నాకు ఆ వయసు కూడా దాటిపోయింది, అయినా ఆపమనలేదు. "నానమ్మా, ఫోన్ ట్రాన్స్‌లేట్ చేస్తుంది, మిగతా సాంగ్స్‌కి మీనింగ్ చెప్పనా?" అంది. వద్దమ్మా అన్నాను. వాటిలో ఇంకో నాలుగిటికి కూడా నేను మాటలు కట్టేశాను. నంబర్లు కూడా పడ్డాయి, ప్రతి ఆదివారం పాడుతున్నారు. అర్థం తెలిస్తే మళ్లీ నలుగురిలో నిలబడి నిజం చెప్పాలి. ఆ పార్కులో నిలబడిన పిల్లకి ఉన్నంత ధైర్యం నాకిప్పుడు లేదు.