మొండయ్య తలరుమాలు

మా ఊళ్లో చావు కబుర్లు మోసేవాడు మొండయ్య తాత. ఏ ఊరికి పోయినా పొలిమేరలోనే తలరుమాలు తీసి భుజాన వేసుకునేవాడు. ఉత్త తలతో వస్తున్న ఆ మనిషి కనపడితే చాలు, ఆయన నోరు తెరవకముందే ఇళ్లల్లో ఏడుపు మొదలయ్యేది. ఆయనకో పట్టు ఉండేది. పోయినవాళ్ల ముఖం కళ్లారా చూడనిదే అడుగు కదిపేవాడు కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, యాభై ఏడులో, మా ఇంటికి తార్, అదే టెలిగ్రాం, వచ్చింది. మా బాపు రాజం గోదావరి అవతల, మంచిర్యాల దాటాక, ఒక బొగ్గుబాయిలో పనిచేసేవాడు. పోస్టుమాన్ కాగితం విప్పి చదివాడు. బాయిలో బండ పడి రాజం పోయాడట. అంతే! ఎట్లా పోయాడు, ఎవరు చూశారు, ఒక్క ముక్క లేదు. వేలిముద్ర వేయించుకుని సైకిలెక్కి పోయాడు మహానుభావుడు.

నన్ను కన్న మా అవ్వ బాలలక్ష్మి కూలబడిపోయింది. ఆడవాళ్లు గాజులు పగలగొట్టడానికి రాయి తెచ్చారు. మొండయ్య తాత అడ్డం నిలబడ్డాడు.

"రాజం మొఖం ఎవడు జూసిండు? గా కాయితం జూసిందా? నేను పోయి జూసొస్త. అందాక బిడ్డ గాజులు ముట్టకుండ్రి."

బాపు తల్లి ఐలవ్వ కళ్లు తుడుచుకుంది. "రేపు పొద్దుగూకేదాకనే మొండయ్యా. గంతకన్న ఆపితె ఊరు ఊకుంటదా?"

మర్నాడంతా అవ్వ చేతులు కొంగులో దాచుకుని వాకిట్లోనే కూర్చుంది. నేను ఆ చేతులు వదలలేదు. ఎవరైనా దగ్గరికొస్తే కరుస్తానన్నాను. రాయి పట్టుకొచ్చిన సత్తమ్మను నిజంగానే కరిచాను.

బొగ్గుబాయి దగ్గర జరిగింది మాకు తర్వాత తెలిసింది. మొండయ్య తాత గుడ్డ తీసి చూస్తే అది బాపు కాదు, బాపుతో పనిచేసే చెన్నూరు హనుమండ్లు. బాపు దీపం సరిగ్గా వెలగలేదని ఆ పూట ఇద్దరూ దీపాలు మార్చుకున్నారట. బాయిలో ఎవరి దీపం నంబరు వాళ్లదే కాబట్టి, గుమాస్తా దీపం మీది నంబరు చూసి తార్ కొట్టించాడు. పాపం, హనుమండ్ల ఇంట్లో అప్పటికింకా ఏమీ తెలియదు. బాపు అదే బండ తగిలి కాలు విరిగి దవాఖానలో ఉన్నాడు. మొండయ్య తాతను చూడగానే వణికిపోయాడట. ఆయనొచ్చాడంటే చావే కదా మరి!

సంగతి తెలిశాక బాపు అన్నాడట, "కాకా, ఇంటికి తార్ కొట్టిద్దాం. నీకన్న ముందు పోతది."

"గా తార్ తోనే గదా గిదంతా! నేను జూసిన, నేనే జెప్త," అని రోషంగా బయల్దేరాడు ముసలాయన. ఆ రోషమే మా కొంప ముంచింది.

గోదావరి ఇసుకలో పడుతూ లేస్తూ, పొద్దు వాలే వేళకు మా పొలిమేర చేరాడు. గుండె నిండా మంచి కబురే ఉంది. కానీ ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చెయ్యి దానంతటదే లేచి తలరుమాలు తీసేసింది.

ఆ ఉత్త తలను ముందు చూసింది ఐలవ్వే. "ఓ కొడుకా!" అని ఒక్క కేక పెట్టింది. వాడంతా గొల్లుమంది. నన్నెవరో ఈడ్చి అవతల పారేశారు. "ఉన్నడూ! బతికే ఉన్నడూ!" అని అరుస్తూ మొండయ్య తాత పరుగెత్తుకొస్తూనే ఉన్నాడు. ఆ ఏడుపుల్లో ఎవరికి వినపడాలి? ఆయన వాకిట్లోకి వచ్చేసరికి రాయి పక్కన ఆకుపచ్చ గాజులు పొడి పొడిగా పడి ఉన్నాయి. అవ్వ మణికట్టు నుంచి నెత్తురు కారుతోంది.

ఆయన తన భుజాన ఉన్న రుమాలు చూసుకున్నాడు. అక్కడే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రెండు నెలలకు బాపు కుంటుకుంటూ వచ్చి, కొత్త గాజులు తనే తొడిగాడు. అయినా ఒకసారి గాజులు పగిలిన చెయ్యని, పెళ్లిళ్లలో అవ్వను ముందు నిలబడనిచ్చినవాళ్లు లేరు, మొగుడు పక్కనే ఉన్నా సరే! తలచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

మొండయ్య తాత మళ్లీ కబురు మోయలేదు. రుమాలు కూడా చుట్టలేదు, ఎండాకాలమైనా. ఊరికి తార్లే గతి అయ్యాయి.

అరవై ఏడులో నిర్మల్‌లో మా అత్తగారింటికి తార్ వచ్చింది, మొండయ్య పోయాడని. మా అత్త నన్ను పట్టుకుని ఏడువు బిడ్డా అంది. నేను ఏడవలేదు. బస్సెక్కి ఊరికి పోయి, గుడ్డ తీసి ముఖం చూశాను. అప్పుడు ఏడ్చాను.