మట్టాంచేరిలో గంజి భోజనం

గొంతు ఆపరేషన్ తర్వాత నాన్న మాతో కలిసి తినడం మానేశారు. మింగినప్పుడల్లా చప్పుడు వస్తుంది, ఒక్కోసారి పొలమారుతుంది. అది ఎవరికీ వినపడకూడదని కాప్రాలోని మా ఇంట్లో లోపలి గది తలుపు వేసుకుని తింటున్నారు. డాక్టర్ మాత్రం, మెత్తనిది ఏదైనా తినొచ్చు, ఇక నలుగురిలో కూర్చోవడమే మిగిలింది అన్నారు.

నేను మెకానికల్ ఇంజనీరును. సమస్య ఎదురైతే ముందు పట్టిక వేస్తాను. అప్పం, ఇడియాప్పం, కొబ్బరిపాల కూర... మెత్తని వంటలన్నీ రాసుకుంటూ పోతే ఊరు కొచ్చి అని తేలింది. పైగా అది రేవు పట్టణం. వ్యాపారానికి వచ్చి స్థిరపడిన గుజరాతీలు, కొంకణీలు, కచ్ఛీలు, తమిళులు పక్కపక్క వీధుల్లో ఎవరి వంట వారు వండుకుంటారు. "సముద్రం చూసొద్దాం డాడీ" అని టికెట్లు తీశాను. భోజనం మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి ఎర్నాకుళంలో దిగాం. రైల్లో నాన్న పై బెర్తు ఎక్కి, గోడవైపు తిరిగి అమ్మ చేసిచ్చిన పెరుగన్నం తిన్నారు. కింద ఉన్న కొట్టాయం ఆవిడ బోయిన్‌పల్లిలో నర్సు. "అంకుల్ కిందికి రాండ్రి, జాగ ఉంది" అని రెండుసార్లు పిలిచింది. నాన్న నిద్ర నటించారు.

వెళ్లేవారికి ఒక సలహా. ఎర్నాకుళం నుంచి ఫోర్ట్ కొచ్చికి ఆటో మాట్లాడుకోకండి, పడవ ఎక్కండి. టికెట్ చవక, గాలి ఉచితం. బస రేవుకు దగ్గర్లో ఒక ఇంటి పైగదిలో. సాయంత్రం ఒడ్డున చేపలు పట్టే చైనా వలలు చూశాం. చీకటి పడ్డాక నాన్నకు గదికే ఇడియాప్పం పార్సిల్ తెచ్చి, నేనొక్కణ్ణే గుజరాతీ వీధికి వెళ్లి పళ్లెం నిండా రకరకాలు తిన్నాను. ఉదయం ఆయనకు అప్పం పార్సిల్, నాకు తమిళుల హోటల్లో ఇడ్లీ. భోజనాలు ఒకదాన్ని మించి ఒకటి బాగున్నాయి. ఎదుటి కుర్చీ మాత్రం ఖాళీ.

మధ్యాహ్నం మట్టాంచేరిలో మసాలా గిడ్డంగుల మధ్య నడుస్తుంటే వాన అందుకుంది. తల దాచుకోవడానికి ఎదురుగా కనిపించిన రేకుల షెడ్డులోకి దూరాం. లోపల రెండు పొడవాటి బల్లలు. లుంగీ కట్టిన పెద్దాయన మమ్మల్ని కూర్చోమని చేత్తో చూపించి, ఏం కావాలని అడగకుండానే నాన్న ముందు ఒక మట్టి గిన్నె పెట్టి లోపలికి వెళ్లాడు. అందులో వేడి వేడి గంజి, ఎర్ర బియ్యం మెతుకులతో.

నాన్న ముఖం మాడిపోయింది. మా ఇళ్లలో గంజి అంటే జ్వరం వచ్చినవాడి తిండి.

"ఏందిరా గిది? నా మొఖం జూస్తేనే రోగమున్నోడని తెలుస్తుందా? గీడిదాకొచ్చి సుత గంజేనా? లే, పోదాం."

"వాన పడుతుంది డాడీ, జెర ఆగుదాం."

"నువ్వు ఆగు. నేను తడుస్తా."

ఆయన లేచి నిలబడేసరికి రెండో గిన్నె వచ్చింది. అది నాకు. మూడోది, బస్తాలు మోసి తలపాగా విప్పుకుంటున్న హమాలీకి. నాలుగోది, జేబులో పెన్నులు పెట్టుకున్న గుజరాతీ గుమాస్తాకు. ఆ గుమాస్తా నాన్నను చూసి, "బైఠియే సాబ్, యహా సబ్ కో యహీ మిల్తా హై" అని నవ్వాడు. ఆ కొట్లో వండేదే గంజి, ఎవరొచ్చినా అదే. పక్కన పెసల కూర, కొబ్బరి పచ్చడి, అప్పడం. తినడానికి పనసాకు మడిచి పుల్ల గుచ్చిన చెంచా.

నాన్న మెల్లగా కూర్చున్నారు.

గంజి పొగలు కక్కుతోంది కాబట్టి ఎవరూ తొందరపడటం లేదు. అందరూ ఊదుకుంటూ జుర్రుకుంటున్నారు. ఆ చివర నుంచి ఈ చివరదాకా బల్లంతా జుర్రుమని మోత, పైన రేకుల మీద వాన. నాన్న ఒక చెంచా తాగారు. గుటక చప్పుడు నాకు కూడా వినపడలేదు. ఇంకో చెంచా. మూడోసారి గట్టిగానే పొలమారింది. నేను లేవబోయాను. హమాలీ తల ఎత్తకుండానే నీళ్ల గ్లాసు నాన్నవైపు జరిపి, తన గిన్నెలోకి వంగిపోయాడు. ఇంకెవరూ చూడలేదు.

పెద్దాయన వచ్చి గరిటెతో మళ్లీ పోయబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టలేదు. "పచ్చడి సుత ఎయ్యమను" అన్నారు నాతో. వాన వెలిసినా మేం లేవలేదు.

మరో రోజు ఉండి, రాత్రి కచ్ఛీల బిర్యానీ కొట్టుకు ఇద్దరం వెళ్లాం. నాన్న మెత్తగా ఉడికిన ముక్క ఒకటే తిన్నారు, ఎదుటి కుర్చీలో కూర్చుని. అన్ని రకాల వాళ్లను ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే ఆ ఊరికి, పేరు అడగడం మరిచిపోయిన ఆ లుంగీ పెద్దాయనకు నేను ఎన్ని కృతజ్ఞతలు చెప్పుకున్నా తక్కువే.

తిరుగు రైలు పాలక్కాడ్ దాటాక నాన్న అమ్మకు ఫోన్ చేశారు.

"రేపు ఇంటికి రాంగనే బల్ల మీద నాకు సుత ప్లేటు పెట్టు. అందరం ఒక్కతాన తిందాం."

అవతల అమ్మ ముక్కు చీదిన చప్పుడు నాకూ వినిపించింది.

"ఏడుస్తున్నవా ఏందీ? ఇను, ఒక్క షరతు. అందరు సప్పుడు జేసుకుంటనే తినాలె."