చెత్తబుట్టలోకి ఏరిన అభిప్రాయాలు

మొన్న మా మనవరాలి కాలేజీలో ఏటి జరిగిందో వాళ్లూ వీళ్లూ వంకరగా చెప్పకముందే నేనే తిన్నగా చెప్పేస్తాను. పరువు ఎలాగూ పోయింది, పోయినదేదో సరిగ్గా పోవాలి కదా! నేను చెప్తుంటే మనవరాలు లావణ్య ఫోన్లో టైపు కొడుతోంది. ఒక్క మాట మార్చినా ఊరుకోనని ముందే చెప్పేను.

లావణ్య పలాసలో డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో 'మా అభిప్రాయం' అని ఒక సభ పెట్టేరు. చదువు గురించీ, కాలేజీ గురించీ, లోకం గురించీ పిల్లలు అనుకున్నది చెప్తారట, ఇళ్ల నుంచి పెద్దోళ్లు వచ్చి వినాలట. కొడుకూ కోడలూ పనికి పోతారు. మిగిలింది నేను.

"నువ్వెందుకులే నానమ్మా, మోకాళ్లు నొప్పులు కదా" అంది.

"మోకాళ్లతో వింటానేటే?" అన్నాను.

పూండి అవతల మా ఊరు. ఆటోలో పన్నెండో మనిషిగా ఇరుక్కుని పలాసలో దిగేసరికి సగం ప్రాణం పోయింది. మిగతా సగం సభ మొదలవుతుందేమోనని చూస్తూ పోయింది. పది గంటలన్నారు, పదకొండున్నరకి మైకు గుర్రుమంది. నేను ముందు వరసలో కూర్చున్నాను. వెనక కూర్చుంటే ఎవరిదీ తప్పు కనబడదు.

ఒక కుర్రాడు లేచి, "డిగ్రీ అయ్యాక చెన్నై రైలెక్కడం తప్ప ఇంకో దారి చూపించండి" అన్నాడు. మంచి మాటే, కానీ చొక్కా గుండీలు ఒకటి కిందకి పెట్టుకున్నాడు. ఒక పిల్ల, ఆడపిల్ల చేతిలో ఫోన్ చూస్తే ఇంట్లో అందరూ పోలీసులైపోతారంది. నిజమే, కానీ ఆ గొంతు పక్క కుర్చీకి కూడా అందలేదు. ఇంకొకడు ప్లాస్టిక్ మీద అరగంట దంచి, దిగొచ్చి, టీ తాగిన ప్లాస్టిక్ కప్పు కుర్చీ కిందకి తోసేడు. నేను చూసేను. నేను చూడనిది ఏదీ ఉండదు, అదే నా ఖర్మ.

సభ నడిపించే లెక్చరరు ఎవరనుకున్నారు? మా ఫ్యాక్టరీ మేస్త్రీ కొడుకు! పేరు చెప్పను, ఆ ఇంటి పేరు నా నోట రాదు. నేను ముప్పై ఏళ్లు జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరేను. గుండు పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క, మచ్చా ముడతా ఉన్నది అవతలకి. నా చేతి మీదుగా వెళ్లిన డబ్బా మళ్లీ ఎవరూ విప్పి చూసేవారు కాదు. అలాంటిది, ఒకనాడు వీళ్ల నాన్న అందరి ముందూ నా పళ్లెం బోర్లించి, "నారాయణమ్మా, సూపు పోనాదేటి?" అన్నాడు. దొరికింది ఒక్క మచ్చ పప్పు. ఒక్కటి! ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పెళ్లయినా చావయినా నేను గుమ్మం తొక్కలేదు.

మాట్లాడటానికి భయపడే పిల్లలు కాగితం మీద రాసి వేయడానికి ఒక అట్టపెట్టె పెట్టేరు. పెట్టె నిండిపోయింది. అందులోంచి కొన్ని ఏరి ప్రిన్సిపాల్ గారు పైకి చదవాలి. ఎవరు ఏరాలి? లెక్చరర్లు వద్దని పిల్లలు గోల. చేతిరాత పోల్చేస్తారని భయం. "అయితే పెద్దవాళ్లలో ఒకరు ఏరతారు" అని మేస్త్రీ కొడుకు మైకులోనే నా వైపు తిరిగేడు.

"అమ్మా, మీరు ముందు వరసలోనే ఉన్నారు. చదువుతారు కదా?"

నా పేరు నేను రాయగలను. బస్సు బోర్డు కూడబలుక్కోగలను. అంతకు మించి అక్షరాలకీ నాకూ మాటల్లేవు. వెనక నుంచి లావణ్య వద్దు వద్దని తల ఊపుతోంది. దాన్ని చూసి ఇంకా మండింది. హాలు నిండా మనుషులు, మైకులో ఆ మేస్త్రీ రక్తం! అతని ముందు 'రాదు' అంటానా?

"ఎందుకు చదవను?" అన్నాను.

"పదిహేను నిమిషాలే ఉందమ్మా. పైకి చదవాల్సినవి ఒక పక్క, పనికిరానివి ఒక పక్క పెట్టేయండి చాలు."

పక్క గదిలో బల్ల మీద పెట్టె బోర్లించేను. కాసేపు చూస్తూ కూర్చున్నాను. తరవాత చేతులే పని మొదలుపెట్టేయి. వాటికి తెలిసింది ఒక్కటే పని. తెల్లగా, సాపుగా, నాలుగు మూలలూ ఉన్న కాగితం గుండు. అది మంచి దస్తాలోకి. ఒక్క మడత పడ్డది బద్ద, అదీ ఆ దస్తా కిందకే. మూల చిరిగినవీ, నలిగినవీ, నోటు పుస్తకంలోంచి పీకినవీ, చెమట మరకలున్నవీ అన్నీ ముక్కే. ముక్క చెత్తబుట్టలోకి! పది నిమిషాల్లో బల్ల ఖాళీ. గుండు దస్తా అంచులు సమంగా తట్టి పట్టుకెళ్లి ఇచ్చేను.

"అప్పుడే అయిపోయిందా!" అన్నాడు మేస్త్రీ కొడుకు.

"మీ నాన్ననడుగు నా చెయ్యి ఎంత జోరో" అన్నాను. అబ్బో, ఏం గర్వం!

ప్రిన్సిపాల్ గారు చదవడం మొదలెట్టేరు. మా కాలేజీ చాలా బాగుంది. మా లెక్చరర్లు చాలా మంచివారు. మా కాలేజీ దేవాలయం. క్రమశిక్షణ బాగుంది. మళ్లీ దేవాలయం. ఏడో కాగితానికి పెద్దాళ్లు ఆవలించేరు. పదో కాగితానికి పిల్లలు గుసగుసలాడేరు. పన్నెండోదానికి వెనక నుంచి ఎవడో అరిచేడు, "సార్, మేం రాసినవేవి?"

లావణ్య వంగి వంగి నా దగ్గరకొచ్చింది. మొహం పాలిపోయింది.

"నానమ్మా, నలిగిపోయిన కాగితాలుండాలి కదా. ఏటి సేసినావు?"

"పాడైనవి పారేసేను."

"ఓలమ్మో! అవే నానమ్మా మావి!"

అప్పుడు చెప్పింది. పొగిడేవాళ్లకి భయమేటి? ఆఫీసులో ఇచ్చిన తెల్ల కాగితం మీద, అందరూ చూస్తుండగా బల్ల మీద పెట్టి రాసేరు. నిజం రాసేవాళ్లు నోటు పుస్తకం మూల చింపి, ఒళ్లో పెట్టుకుని రాసి, ఎనిమిది మడతలు పెట్టి, గుప్పిట్లో దాచి తెచ్చి వేసేరు. నేను దాన్నే ముక్క అన్నాను!

మేస్త్రీ కొడుకు కిందకొచ్చేడు. "ఏమైందమ్మా? అన్నీ చదివే ఏరేరు కదా?"

నేను నోరు తెరవకముందే లావణ్య అడ్డొచ్చింది. "కళ్లజోడు మర్చిపోయింది సార్, అందుకే..."

కళ్లజోడు తాడుతో నా మెడలోనే వేలాడుతోంది. అతను దాన్ని చూసేడు. నేను అతన్ని చూసేను. పిల్ల నా కోసం అంతమందిలో అబద్ధమాడి తల దించుకుంది. ఎంత నీరసం వచ్చిందంటే, గర్వపడటానికి కూడా ఓపిక లేకపోయింది.

"నాకు చదువు రాదు బాబూ" అన్నాను. "కాగితం సూసి ఏరినాను, రాత సూసి కాదు."

నవ్వుతాడనుకున్నాను. వాళ్ల నాన్నయితే నవ్వేవాడు. అతను నవ్వకుండా వెళ్లి చెత్తబుట్ట ఎత్తుకొచ్చి బోర్లించేడు. అందుకూ కోపమే, తిట్టుకోడానికి కూడా వీలు లేకుండా చేసేడు! పైన టీ కప్పులు, కింద తడిసిన కాగితాలు. లావణ్యా దాని స్నేహితురాళ్లూ ఒక్కొక్కటీ విప్పి మైకులో చదివేరు.

ఒకటి, హాస్టల్లో కులం చూసుకుని కంచాలు పట్టుకెళ్లి కూర్చుంటున్నారు, మాకు అన్నం సహించట్లేదు అని. ఒకటి, లైబ్రరీ తలుపు తీసి ఎన్నాళ్లయిందో ఎవరికైనా గుర్తుందా అని. ఇక మిగిలినవన్నీ, పదో పదిహేనో, ఒకే మాట. ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు లేవు. మోటారు కాలిపోయింది. అందుకని పొద్దుట నుంచి సాయంత్రం దాకా మేం మంచినీళ్లు తాగం.

నాకు కుర్చీ కదిలినట్టయింది. నాలుగు నెలలుగా లావణ్య నీళ్ల సీసా నిండుగా పట్టుకెళ్లి నిండుగా తెస్తోంది. "నీళ్లు తాగడానికి కూడా బద్ధకమేటే?" అని రోజూ తిట్టేదాన్ని. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బంటే పసిపిల్లలకి కూడా తెలుసు. మా ఇంటాయన దానితోనే పోయేడు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తిప్పింది నేను. అలాంటి ఇంట్లో పిల్ల నీళ్లు మానేసి, ఎందుకు మానేసిందో కాగితం మీద రాసి వేస్తే, ఆ కాగితాన్ని టీ కప్పుల కింద పెట్టింది కూడా నేనే.

ప్రిన్సిపాల్ గారు నుదురు రుద్దుకున్నారు. ఆయన మొహంలోనూ అలసటే. "నాకు తెలీదా? మూడుసార్లు పై ఆఫీసుకి రాసేను. నా ఉత్తరాలు పక్కన పడేస్తున్నారు. ఫిర్యాదు కింద ఎవరిదైనా పేరుంటే కదులుతుంది. పేరు లేని కాగితం ఎలా పంపను?"

ఇంతసేపూ అరిచినవాళ్లు చెప్పుల వైపు చూస్తున్నారు. వాళ్ల తప్పేటి? పరీక్షలున్నాయి, ఇంటర్నల్ మార్కులున్నాయి. లావణ్య మెల్లగా చెయ్యెత్తబోయింది.

దాని చెయ్యి పట్టి కిందకి లాగేను. "ఆ కాగితం ఇటు తే. నాకు మార్కులెవడేస్తాడు?"

మేస్త్రీ కొడుకు ఫిర్యాదంతా రాసి, గట్టిగా రెండుసార్లు చదివి వినిపించేడు. రెండోసారి నేనే చదివించేను, ఆ ఇంటివాళ్లని అంత తేలిగ్గా నమ్మను. కింద 'నారాయణమ్మ' అని రాసేను. 'ణ' దగ్గర కాస్త ఆలస్యమైంది, అందరూ ఆగేరు. ఫోన్ నంబరు అంటే లావణ్య మా ఇంటిది వేసింది.

పదిరోజులకి ఫోనొచ్చింది. పై ఆఫీసు నుంచి ఎవరో బాబు, మంచి మర్యాదగా మాట్లాడేడు.

"నారాయణమ్మ గారేనా? బాత్రూమ్ మోటార్ కంప్లయింట్ ఇచ్చిన స్టూడెంట్ మీరేనా?"

"నానే బాబూ."

"రేపు కొత్త మోటార్ బిగిస్తారు. రికార్డులో రాసుకోవాలి. మీది ఏ గ్రూపమ్మా? బీకామా, బీఎస్సీయా?"

"ఏ గ్రూపూ కాదు. నాకు చదువు రాదు."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "మరి ఇంత వివరంగా కంప్లయింట్ ఎలా రాసేరండీ?"

"నాను రాయలేదు బాబూ" అన్నాను. "రాసింది పిల్లలు. సెత్తబుట్టలో ఏసింది నాను. సంతకం నాది."